క్రీట్ దీవి పెళ్ళి స్కూలు స్టేజీ మీద చూపించాలి, ఏమేం కావాలి?

కావలి టీచరు:
స్కూలు వార్షికోత్సవానికి ఎనిమిదో తరగతి పిల్లల చేత గ్రీసులోని క్రీట్ దీవి పెళ్ళి చేయించాలి. పది నిమిషాలు, ఇరవైమంది పిల్లలు. కిరీటాలు మార్చడం, డాన్సు, తీపి పంచడం మూడూ ఉండాలి. కిరీటాల బదులు మన బాసికాలు కట్టేస్తే సరిపోతుందా? పాట ఏది పెట్టాలి? కొలతలతో సహా చెప్పండి.

ఒంగోలు నాటకం:
బాసికం వద్దు టీచరు గారూ. బాసికం నుదుటికి కట్టేది. వాళ్ళ స్తెఫానా తల మీద పెట్టే సన్నటి పూల చుట్ట. రెండు చుట్టల్నీ ఒకే తెల్ల రిబ్బను వెనక కలిపి ఉంచుతుంది, ఆ రిబ్బనే అందులో ముఖ్యం. సన్నటి ఇనపతీగ రెండడుగుల ముక్క కోసి, కొసలు రెండంగుళాలు ఒకదాని మీద ఒకటి వచ్చేలా చుట్టి, గుడ్డపూలు కట్టండి. మల్లెలు పెడితే లైట్ల వేడికి వాడి రాలిపోతాయి. రిబ్బను మూడడుగులకు తగ్గకూడదు. కుంబారోస్ అనే పెళ్ళిపెద్ద జంట వెనక నిలబడి, చేతికొక కిరీటం పట్టుకుని, చేతులు అడ్డంగా దాటిస్తూ మూడుసార్లు మారుస్తాడు. రిబ్బను పొట్టిదైతే రెండోసారికే ఒకటి ఊడి వస్తుంది. ఈ కుంబారోస్ తోడుపెళ్ళికొడుకులాంటి వాడు కాదు. పుట్టే మొదటి బిడ్డకు జ్ఞానతండ్రి కూడా మామూలుగా ఆయనే, అందుకే కాస్త పెద్దరికం ఉన్న పిల్లాడికి ఇవ్వండి.

వరస ఇదీ: ముందు ఉంగరాలు, అవీ మూడుసార్లు మార్చి కుడిచేతికి పెట్టాలి. తర్వాత కిరీటాలు. తర్వాత ఒకే గిన్నెలోంచి ఇద్దరూ మూడేసి గుక్కలు ద్రాక్షసారా తాగుతారు, మీరు ద్రాక్షరసం పోయండి. ఆఖరున పంతులు ముందు నడిస్తే బల్ల చుట్టూ మూడు చుట్లు. ఇక్కడే మన పిల్లలు తప్పుతారు. గుడి ప్రదక్షిణ అలవాటుతో కుడివైపుగా తిరిగేస్తారు, అక్కడ తిరిగేది ఎడమ చుట్టు. నేల మీద సుద్దతో బాణం గీయండి. ఆ చుట్లప్పుడు చుట్టాలు బియ్యం చల్లుతారు. మన తలంబ్రాల్లాగా వధూవరులు ఒకరి మీద ఒకరు పోసుకోరు, పసుపూ కలపరు. ఇంకోటి, పెళ్ళికూతురి చేత ప్రమాణాలు చెప్పించకండి. వాళ్ళది ఆర్థడాక్స్ అనే క్రైస్తవ శాఖ, ఆ పెళ్ళిలో వధూవరులు ప్రమాణాలు పలకరు.

నెల్లూరు పాటగాడు:
పాట విషయంలో ఒక్క మాట. గ్రీసు అనగానే అందరూ సిర్తాకి పెట్టేస్తారు. అది 1964లో ఒక సినిమా కోసం కూర్చిన డాన్సు, పల్లె పెళ్ళిది కాదు. క్రీట్ పెళ్ళికి లీరా, లౌతో అనే రెండు తీగవాద్యాలు కావాలి. లీరా మూడు తీగలది, మోకాలి మీద నిలబెట్టి కమానుతో వాయిస్తారు. వేలికొనతో తీగను నొక్కరు, గోరు పక్క నుంచి ఆనిస్తారు. నాక్సోస్ లాంటి దీవుల్లో అయితే వయొలిన్, లౌతో జత. దీవులన్నిటినీ కలిపి ఒకే పెళ్ళిలో చూపించొద్దు. పిల్లల చేత పాడించాలంటే మంతినాద కట్టండి: రెండు పాదాలు, పాదానికి పదిహేను అక్షరాలు, ఎనిమిది దగ్గర విరుపు, చివర ప్రాస. తెలుగులోనూ చక్కగా కుదురుతుంది.

కందుకూరు వంట:
తీపికి కుఫేతా పంచండి. చక్కెర పూత పూసిన బాదంపప్పు అది. తెల్ల వలగుడ్డలో ఐదో ఏడో పెట్టి మూట కడతారు. బేసి లెక్క సమంగా రెండుగా విడిపోదు, జంట కూడా విడిపోకూడదని నమ్మకం. ఇంట్లో పాకం పట్టి పూత వేయాలని చూడకండి, చక్కెర గడ్డకట్టి పప్పులన్నీ ఒకటికొకటి అంటుకుంటాయి. అంగట్లో తెచ్చుకోండి.

అక్కడి పెళ్ళిభోజనంలో గామోపిలాఫో ఉంటుంది. మేక, కోడి ఉడికించిన రసంలో బియ్యం వండి, గొర్రె, మేక పాల మీగడ కాచి తీసిన నెయ్యి, నిమ్మరసం వేస్తారు. గ్లాసు బియ్యానికి మూడున్నర గ్లాసుల రసం. పులిహోర బియ్యంలాగా పాతవి వాడితే మెతుకు విడివిడిగా వస్తుంది, ఇది జారుగా ఉండాలి. కొత్త బియ్యం, ఒక్క కడుగుతో సరి.

కావలి టీచరు:
చాలా మేలు చేశారు. పెళ్ళి పరుపు వేసే తంతు ఒకటుందని విన్నాను, పెట్టొచ్చా?

ఒంగోలు నాటకం:
తప్పకుండా పెట్టండి. క్రెవాతి అంటారు. అయితే పెళ్ళికి కొన్నిరోజుల ముందు జరిగేది గనక మొదటి సీను అదే కావాలి. పెళ్ళికాని ఆడపిల్లలు దుప్పటి పరిచి సర్దుతారు, చుట్టాలు దాని మీద బియ్యం, డబ్బులు, కుఫేతా వేస్తారు, సంతానం కలగాలని పసిబిడ్డను దొర్లిస్తారు. మీరు బొమ్మను వాడుకోండి. దుప్పటి నాలుగు కొసలూ పట్టి ఎత్తుకుపోతే బియ్యం స్టేజీ మీద పడదు, తర్వాత డాన్సులో ఎవరి కాలూ జారదు.