అప్‌డేట్: ఆర్ద్ర నక్షత్రం సైజు లెక్క తేలింది

బెటెల్‌జ్యూస్ (మన ఆర్ద్ర) వ్యాసార్ధం ఒకచోట సూర్యుడికి 764 రెట్లని, ఇంకోచోట దాదాపు వెయ్యి రెట్లని ఉంది, ఏది తప్పు అని అడిగాను కదా. అచ్చుతప్పేమీ లేదు. ముందు దూరం ఎంత తీసుకున్నారో చూడమన్నవారికి థాంక్స్, తిరకాసు అక్కడే ఉంది.

నేరుగా కొలిచేది ఆకాశంలో నక్షత్రం బిళ్ల వెడల్పు కనిపించే కోణాన్నే: సుమారు 0.042 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకన్ అంటే డిగ్రీలో 3,600వ వంతు). దాన్ని పార్సెక్కుల్లో (ఒక్కోటి సుమారు 3.26 కాంతి సంవత్సరాలు) ఉన్న దూరంతో గుణిస్తే వ్యాసం వస్తుంది, భూమికీ సూర్యుడికీ మధ్య దూరం 1 అనుకుంటే. 2020 అంచనా 168 పార్సెక్కులు వేస్తే 7.06, 2017 నాటి 222 వేస్తే 9.3. భూమికీ సూర్యుడికీ మధ్య దూరం సూర్యుడి వ్యాసార్ధానికి 215 రెట్లు కాబట్టి, దీన్ని 215తో గుణిస్తే సూర్యుడి వ్యాసార్ధానికి ఎన్ని రెట్లో తెలుస్తుంది. నాకు 1,500 పైగా వచ్చి బుర్ర తిరిగింది. తీరా చూస్తే అది వ్యాసం, వ్యాసార్ధం కోసం సగం చేయడం మర్చిపోయాను! చేశాక 760, 1,000.

మరి దూరం ఎందుకు తేలదు? దూరాన్ని లెక్కగట్టేది పారలాక్స్‌తో, అంటే భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే నక్షత్రం కాస్త జరిగినట్టు కనిపించే కోణంతో. దాని పారలాక్స్ 0.006 ఆర్క్‌సెకన్లే, నక్షత్రం బిళ్ల దానికి ఏడు రెట్లు. పైగా ఉపరితలం కుతకుతలాడుతూ ఉంటుంది కాబట్టి వెలుగు కేంద్రం స్థిరంగా ఉండదు. నక్షత్రాల దూరాలు కొలిచిన గయా ఉపగ్రహానికేమో ఇది మరీ ప్రకాశవంతం.

2019-20లో అది మసకబారడానికీ దీనికీ సంబంధం లేదు. అది ప్రధానంగా ధూళి పని. నేనైతే 168 పార్సెక్కులే, అంటే సుమారు 548 కాంతి సంవత్సరాలే వాడుతున్నాను.