మెడికెయిడ్‌లో ఫ్లోరైడ్ వార్నిష్‌కి 99188 వేయాలా, డి1206 వేయాలా?

క్లెయిమ్స్_డెస్క్:
అమెరికాలో ఒక పిల్లల క్లినిక్‌కి బిల్లింగ్ చూస్తున్నాను. వెల్ చైల్డ్ విజిట్‌లో, అంటే రొటీన్ చెకప్‌లో, రెండేళ్ల పాపకి డాక్టరే వార్నిష్ (పళ్లు పుచ్చకుండా పూసే ఫ్లోరైడ్ పూత) పూశారు, చెకప్ కోడ్ 99392తో పాటు వార్నిష్‌కి మెడికల్ కోడ్ 99188 వేశాం. ప్రైవేట్ ఇన్సూరెన్సుల్లో ఇలాగే పాసవుతోంది కానీ మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్లకి ఉండే ప్రభుత్వ ఇన్సూరెన్స్) మాత్రం వార్నిష్ లైన్ ఒక్కదాన్నే డినై చేసింది. వార్నిష్‌కి డెంటల్ కోడ్ అయిన డి1206తో మళ్లీ పంపుదామంటే మనం డెంటిస్టులం కాదు కదా అంటున్నారు మేనేజర్ గారు. ఏం చేయమంటారు?

పీడ్స్_కోడర్:
డి కోడ్ డెంటిస్టులే వాడాలని ఏమీ లేదండీ, మెడికెయిడ్‌లో ఏ కోడ్ అన్నది ఆ రాష్ట్రమే చెబుతుంది. నార్త్ కరోలినాలో పిల్లల డాక్టర్లు కూడా మెడికల్ క్లెయిమ్ మీదే డి0145 (చిన్నపిల్లల నోటి పరీక్ష కోడ్), డి1206 వేస్తారు. టెక్సస్‌లో ఆ రెండూ కాదు, 99429కి యూ5 మోడిఫయర్ (కోడ్ పక్కన తగిలించే గుర్తు), అది కూడా ట్రైనింగ్ తీసుకుని సర్టిఫై అయిన వాళ్లకే, 6 నుంచి 35 నెలల పిల్లలకి. అందుకే మళ్లీ పంపే ముందు మీ రాష్ట్రం ప్రొవైడర్ మాన్యువల్ తెరిచి కోడ్, వయసు, ఏడాదికి ఎన్నిసార్లు అన్న మూడూ చూడండి. డయాగ్నసిస్‌లో జెడ్00.129 (తేడా ఏమీ కనబడని చెకప్) పక్కన జెడ్29.3 (ఫ్లోరైడ్ వేయడానికి వచ్చిన విజిట్) ఉందా? వార్నిష్ లైన్‌కి పాయింటర్ (ఏ డయాగ్నసిస్ కోసం చేశారో చూపే గుర్తు) జెడ్29.3కే పెట్టండి. పళ్లు పుచ్చినట్టు డాక్టర్ రాసి ఉంటే మాత్రం జెడ్00.129 కాదు, తేడా కనబడిన చెకప్‌కి వాడే జెడ్00.121.

క్లెయిమ్స్_డెస్క్:
జెడ్29.3 లేదు, ఇప్పుడే చూశాను. ఇంకోటి, ప్రైవేట్ ప్లాన్ ఉన్న ఒక తల్లికి వార్నిష్ బిల్లు వెళ్లిందట, ఆవిడ ఫోన్ చేసి చాలా టెన్షన్ పడుతున్నారు.

రెవెన్యూ_సైకిల్:
ఆవిడ చేత డబ్బు కట్టించకండి, ముందు ప్లాన్ ఏదో కనుక్కోండి. పాలపళ్లు రావడం మొదలైనప్పటి నుంచి 5 ఏళ్ల లోపు పిల్లలందరికీ వార్నిష్ వేయాలని యూఎస్‌పీఎస్‌టీఎఫ్ (ముందు జాగ్రత్త వైద్యం మీద సిఫారసులు చేసే అమెరికా నిపుణుల బృందం) 2021లో మళ్లీ చెప్పింది, అది బి గ్రేడ్ సిఫారసు. గ్రాండ్‌ఫాదర్డ్ (పాత రూల్స్ కిందే కొనసాగుతున్న) కాని ప్రైవేట్ ప్లాన్లు నెట్‌వర్క్‌లో దీన్ని కోపే, డిడక్టబుల్ (పేషెంట్ చేతి నుంచి కట్టే వాటాలు) లేకుండా కవర్ చేయాల్సిందే. కొన్ని పేయర్లు (ఇన్సూరెన్స్ కంపెనీలు) ఇది ప్రివెంటివ్ సర్వీస్ అని చూపే మోడిఫయర్ 33 అడుగుతాయి, అది లేక కాస్ట్ షేర్ పడిందేమో చూసి, అదే అయితే కరెక్టెడ్ క్లెయిమ్ పంపండి. అప్పటిదాకా ఆ అకౌంట్‌ని హోల్డ్‌లో పెట్టి ఆవిడకి ఫోన్ చేసి చెప్పండి, పాపం, తర్వాతి విజిట్‌కి పిల్లని తీసుకురావడమే మానేస్తారు లేకపోతే.

పీడ్స్_కోడర్:
చార్ట్ కూడా ఒకసారి చూడండి. "వార్నిష్ అప్లైడ్" అని ఒక్క ముక్క ఉంటే ఆడిట్‌లో నిలబడదు. పళ్లు వచ్చాయా, రిస్క్ ఏంటి, ఎవరు పూశారు, ఇంట్లో వాళ్లకి ఏం చెప్పారు, ఇవన్నీ రాయించండి. నర్స్ పూస్తే 99188 ఒప్పుకుంటారా లేదా అన్నది పేయర్‌ని బట్టి ఉంటుంది, అది రాతపూర్వకంగా తీసుకోండి.