లెట్రోజోల్ వాడుతుంటే ఎముకలు బలహీనపడుతున్నాయి

ప్రశ్న: రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స తరువాత లెట్రోజోల్ వాడుతున్న మా అమ్మగారు ఉదయం వేళ్లు బిగుసుకుపోయి డబ్బా మూత కూడా తీయలేకపోతున్నారు, పైగా ఎముకల సాంద్రతను కొలిచే డెక్సా పరీక్షలో తుంటి టీ-స్కోరు (ఆరోగ్యవంతులైన యువతుల ఎముకలతో పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 2.6 వచ్చింది. మాత్ర మానేయవచ్చా?

జవాబు 1: దయచేసి సొంతంగా మానిపించకండి. ఈ మందు ఈస్ట్రోజెన్‌ను బాగా తగ్గించడం వల్లే ఎముకలు పలచబడతాయి, మైనస్ 2.5, అంతకన్నా తక్కువైతే ఆస్టియోపొరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) కిందే లెక్క కనుక ఎముకల అరుగుదలను తగ్గించే జోలెడ్రోనిక్ ఆమ్లం ఇంజెక్షన్ గురించి ఆంకాలజిస్టును అడగండి. ఆ ఇంజెక్షన్ వల్ల అరుదుగానైనా దవడ ఎముక దెబ్బతినవచ్చు కాబట్టి, ముందే పళ్ల డాక్టరుకు చూపించి, తీయవలసిన పన్ను ఉంటే తీయించండి.

జవాబు 2: నాకు ఆరు నెలలకొకసారి డెనోసుమాబ్ అనే ఎముకల ఇంజెక్షన్ ఇస్తున్నారు. హఠాత్తుగా ఆపితే వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉన్నందున తేదీ దాటనివ్వను. కీళ్ల నొప్పులకు రోజూ నడవడం మేలు చేసింది.

జవాబు 3: నొప్పి తగ్గకపోతే డాక్టరు మందు మార్చే వీలుందండి. రొమ్ము క్యాన్సర్‌కే వాడే మరో మాత్ర టామోక్సిఫెన్ రుతుక్రమం ఆగినవారి ఎముకలకు మంచిదే, కానీ యోని నుంచి రక్తస్రావం కనిపిస్తే వెంటనే చెప్పాలి.