అప్‌డేట్: మూడో గేర్‌లో కూత, గేర్‌బాక్స్ విప్పించాం

మూడో గేర్‌లో కూత, న్యూట్రల్‌లో క్లచ్ వదిలితే గరగర, తొక్కితే ఆగిపోతోంది, ఎందుకని అడిగాను కదా. గేర్‌బాక్స్ దించి విప్పించాం. ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజన్ తిప్పుడును గేర్‌బాక్స్‌లోకి తెచ్చే ఇరుసు) బేరింగ్ పోయిందన్నవాళ్ల మాటే నిజమైంది.

మూలం ఆయిల్ తగ్గడమే. డ్రైవ్ షాఫ్ట్ దగ్గర సీల్ నుంచి కొద్దికొద్దిగా కారుతోంది, నేల మీద చుక్క కూడా పడలేదు, ఎందుకంటే అడుగునున్న దుమ్మే పీల్చేసుకుని జిగురు మట్టిలా పట్టేసింది, పైగా ఈ బండి గేర్‌బాక్స్‌కి ఆయిల్ ఎంతుందో చూసే డిప్‌స్టిక్ కూడా లేదాయె. ఆయిల్ చాలక బేరింగ్ అరిగి లూజైంది, దాంతో షాఫ్ట్ ఊగి, గేర్ పళ్లు నిండుగా కలవక భారమంతా అంచుల మీదే పడింది. మూడో గేర్ పళ్ల మీద గోరుతో గీస్తే గుంటలు తగులుతున్నాయి. డ్రెయిన్ బోల్ట్ అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద, అందులో మెరిసే సన్న రేకులు. ముద్ద కొంచెం ఉండటం మామూలేనట, రేకులు మాత్రం కాదు.

గేర్ రాడ్ మీద చెయ్యి పెట్టుకు నడపడం వల్లేనని పందెం కాసినవాళ్లకు సారీ, అలా నడిపితే అరిగేవి లోపల గేర్లు మార్చే ఫోర్కులు, అవి శుభ్రంగా ఉన్నాయి.

బేరింగ్‌లు, సీల్, మూడో గేర్, దానికి జోడీ గేర్ మార్చారు. పాత పంటికి కొత్త పన్ను కలిపితే మళ్లీ కూతే కాబట్టి జోడీగానే మార్చాలి. గేర్ ఆయిల్ జీఎల్-4 రకం పోయించాను. మాన్యువల్‌లో అదే ఉంటే జీఎల్-5 పోయకండి, అందులోని గంధకం రసాయనాలు గేర్ పడేముందు వేగాలు కలిపే ఇత్తడి సింక్రో రింగులను తినేయొచ్చు.

కూత పోయింది. రివర్స్ అప్పుడప్పుడు కరకరమంటోంది, దానికి సింక్రో లేదు, బండి పూర్తిగా ఆగాకే వేయమన్నాడు మెకానిక్.