శుక్లానికి హోమియో చుక్కలు వేస్తే నష్టమా?

వేకువ:
అమ్మకు 63 ఏళ్లు. కుడికంట్లో శుక్లం మొదలైందట. ఇంకా ముదరలేదు, చూపు ఇబ్బంది పెట్టినప్పుడు ఆపరేషన్ చేద్దామన్నారు కంటి డాక్టరు. ఈలోగా మా అక్క సినరేరియా మారిటిమా అనే హోమియో చుక్కలు తెచ్చింది. ఇవి వేస్తే శుక్లం కరిగిపోతుందని, కత్తి అవసరం రాదని అంటోంది. అమ్మకు ఆపరేషన్ మాటెత్తితేనే వణుకు, కాబట్టి అక్క మాటే చెవికెక్కింది. పది రోజులుగా వేయించుకుంటోంది. ఆపరేషన్ ఎలాగూ ఇప్పుడు కాదు కదా, అప్పటిదాకా ఇవి వేస్తే నష్టమా? గొడవలు వద్దు, తెలిసినవాళ్లు చెప్పండి.

దారినపోయేవాడు:
గొడవలు వద్దన్నారుగా, ఇక చూసుకోండి.

రెటీనా_22:
నేను ఆప్టోమెట్రిస్టుని, అంటే కంటిచూపు పరీక్షలు చేస్తాను, డాక్టర్ని కాను. శుక్లం కంటిమీద పెరిగే పొర కాదు. లోపలున్న లెన్సే మసకబారుతుంది. అందులోని ప్రొటీన్లు ముద్దకట్టుకుపోతాయి. ఉడికిన తెల్లసొన మళ్లీ నీరవదు కదా, అలాగన్నమాట. చుక్కలతో శుక్లాన్ని వెనక్కి తిప్పే మందు ఇంతవరకూ ఏ వైద్యంలోనూ రుజువు కాలేదు, అల్లోపతిలోనూ లేదు. అయితే తొందరేం లేదు, ఆగొచ్చు.

నా భయం ఇంకోటి. కంట్లో వేసేది స్టెరైల్‌గా, అంటే ఏ క్రిములూ లేకుండా ఉండి తీరాలి. నోట్లో వేసుకున్నదాన్ని ఆపడానికి ఒంట్లో కాపలాలున్నాయి, కంట్లో పడ్డదానికి అంత కాపలా లేదు. 2023 సెప్టెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, అనుమతి లేని కంటి మందులు అమ్ముతున్నారని 8 కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. వాటిలో హోమియో పేరుతో అమ్మేవీ ఉన్నాయి. ఆ సీసా ఎప్పుడు తెరిచారో ముందు చూడండి.

లెక్కలమాస్టారు:
ఇంత వివరం అక్కర్లేదు. హోమియోలో 30 పొటెన్సీ అంటే వందో వంతుకు పలచన చేయడం, అలా 30 సార్లు. 1 పక్కన 60 సున్నాలు. ఒక మోల్ పదార్థంలో ఉండే అణువుల లెక్క, అదే అవగాడ్రో సంఖ్య, 6.022 ఇంటూ 10 టు ది పవర్ 23. అంటే 12వ పొటెన్సీ (1 పక్కన 24 సున్నాలు) దాటాక అసలు మందు అణువు ఒక్కటి మిగలడమూ అనుమానమే. లేని మందుకు నష్టమేంటి, లాభమేంటి? ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి ఎన్‌హెచ్‌ఎంఆర్‌సీ 2015లో పరిశోధనలన్నీ తిరగేసి, హోమియో పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం ఏ జబ్బు విషయంలోనూ లేదని తేల్చింది. చర్చ ముగిసింది.

సమచికిత్స:
మాస్టారూ, చర్చ ముగించే ముందు ప్రశ్న చదవండి. నేను 22 ఏళ్లుగా హోమియో ప్రాక్టీసు చేస్తున్నాను. సినరేరియా చుక్కలు సాధారణంగా మొక్క రసంతో చేస్తారు, 30 పొటెన్సీతో కాదు. మీ 60 సున్నాలు ఇక్కడ చెల్లవు.

లెక్కలమాస్టారు:
అలాగైతే అది మూలికా వైద్యం, హోమియో కాదు. మీ నోటితోనే ఒప్పుకున్నారు. మరి 30 పొటెన్సీ సంగతి?

నిదానంగా:
సున్నాలు లెక్కపెట్టేవాళ్లకు ఒక తల్లి బాధేం తెలుస్తుంది? మా బాబుకు ఏడేళ్లప్పుడు రెప్పల మీద కురుపులు. ఒకటి మానేలోపు ఇంకోటి. ఏడాదిలో మూడుసార్లు యాంటిబయాటిక్, ఒకసారి కోత. వాడు నా చెయ్యి పట్టుకుని "ఇంక కొయ్యనివ్వొద్దమ్మా" అన్నాడు. కంటి డాక్టరు నా మొహం వైపు కూడా చూడలేదు, చీటీ రాసి తర్వాతి నంబరు పిలిచారు. హోమియో డాక్టరు గంట కూర్చోబెట్టి మాట్లాడారు. పిల్లాడు కోపం వస్తే అరుస్తాడా, మింగుకుంటాడా అని అడిగారు. నేను బిత్తరపోయాను. వాడు మింగుకునే రకం. స్టాఫిసాగ్రియా ఇచ్చారు. రెండు నెలల్లో కురుపులు ఆగాయి, మళ్లీ రాలేదు. ఇది నా కళ్లతో చూసింది.

రెటీనా_22:
మీ బాబు బాగున్నందుకు సంతోషం అక్కా. ఒక్క మాట అడుగుతాను. మందుతోపాటు ఇంకేమైనా చేయమన్నారా?

నిదానంగా:
పొద్దున, రాత్రి వేడినీళ్లలో ముంచిన శుభ్రమైన గుడ్డతో కాపడం పెట్టి, రెప్పల అంచులు తుడవమన్నారు. కళ్లు నులమనివ్వొద్దన్నారు. అయితే?

రెటీనా_22:
మాటిమాటికీ వచ్చే కురుపులకు అసలు వైద్యం చాలావరకు అదే. రెప్పల అంచున ఉండే నూనె గ్రంథులు మూసుకుపోతే కురుపులు వస్తాయి. కాపడానికి ఆ నూనె కరిగి బయటికొస్తుంది.

నిదానంగా:
మరి ఆ ముక్క కంటి డాక్టరు ఎందుకు చెప్పలేదు? చెప్పినవాళ్లకు నేను దణ్ణం పెట్టుకుంటాను. మీకేమిటి నొప్పి?

పాతకళ్లజోడు:
నాకు నొప్పి అండి. నష్టమేముందిలే అని మా ఇంట్లోనూ అనుకున్నాం.

మా నాన్నకు నీటికాసులు, అదే గ్లకోమా. రోజూ చుక్కలు వేస్తే కంటి లోపలి ప్రెషర్ 17 దగ్గర నిలిచేది. మోకాళ్ల నొప్పులకని ఒక హోమియో డాక్టరు దగ్గరికి వెళ్లి, కళ్లకు కూడా అక్కడే మందు మొదలుపెట్టారు. 14 నెలలు గడిచాయి. ఒకరోజు ఎడమ భుజం తలుపుకు కొట్టుకుని గీరుకుపోయింది. "తలుపు ఎవర్రా సగం మూసింది" అని నామీద అరిచారు. తలుపు రోజూ ఎలా ఉంటుందో అలాగే ఉంది. పరీక్ష చేయిస్తే ప్రెషర్ 34. ఎడమకంటి ఫీల్డ్ టెస్ట్ (చుట్టూ ఎంతమేర కనిపిస్తోందో చూసే పరీక్ష) కాగితంలో సగానికి పైగా నలుపు. పోయింది ఇక రాదన్నారు. చుక్కలు మానేయమన్నది ఆ హోమియో డాక్టరే. మీరంతా తీపి గుళికల కబుర్లు చెప్పుకోండి.

సమచికిత్స:
మీ నాన్నగారి విషయం విని బాధేసింది. కానీ ఒక మాట. మానేయమని ఆయన అంటుంటే మీరు విన్నారా? ఏ బాధ్యత గల హోమియోపతీ నీటికాసుల చుక్కలు ఆపమనడు.

ఇక మా వైద్యం గురించి ఒక్క ముక్క. మేం జబ్బు పేరుకు మందివ్వం, మనిషి లక్షణాలకిస్తాం. ముక్కూ కళ్లూ కారుతున్నాయనుకోండి. కన్నీళ్లు చెంపల్ని మండిస్తూ ముక్కునీరు మండించకపోతే యూఫ్రేషియా. ముక్కునీరు మండిస్తూ కన్నీళ్లు మండించకపోతే ఉల్లిపాయ నుంచి చేసిన ఏలియం సీపా. పచ్చటి చిక్కటి పుసి, మంట లేదు, చల్లగాలికి హాయి అంటే పల్సటిల్లా. అలాగని గుడ్డిగా పోం. హోమియో మొదలుపెట్టిన హానిమన్ 1810లో ఆర్గనాన్ అనే పుస్తకం రాశాడు. అందులో ఏడో సూత్రం కింద ఏమన్నాడు? నల్లగుడ్డులో నలుసు గుచ్చుకుని కన్ను ఎర్రబడితే ముందు ఆ నలుసు తియ్యమన్నాడు. గుళికలు వెయ్యమనలేదు. 200 ఏళ్ల క్రితమే మా హద్దు మాకు తెలుసు.

మీ వైపు సంగతీ చెప్పుకుందాం. కన్ను ఎర్రబడిందని చీటీ లేకుండా స్టెరాయిడ్ చుక్కలు కొని నెలల తరబడి వేసుకుని, ప్రెషర్ పెరిగి, శుక్లం తెచ్చుకుని నా దగ్గరికొచ్చినవాళ్లు ఎంతమందో. దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

రెటీనా_22:
స్టెరాయిడ్ గురించి అన్నది నిజమే. నేనూ చూశాను.

లెక్కలమాస్టారు:
మాట మార్చకండి. 30 పొటెన్సీలో ఏముంది?

పాతకళ్లజోడు:
"విన్నారా" అట! నేను కోర్టులో నిలబడ్డానా? మీవాళ్లు తప్పు చేస్తే "బాధ్యత గలవాడు చెయ్యడు" అంటారు, రోగం నయమైతే "మా వైద్యం గొప్ప" అంటారు. గెలిచినప్పుడు మీది, ఓడినప్పుడు ఎవడిదో.

సమచికిత్స:
అరిస్తే జవాబైపోదు. విన్నారా, లేదా?

నిదానంగా:
ఆయన అడిగినదాంట్లో తప్పేముంది? ఇంట్లోవాళ్లు పట్టించుకోకుండా ఊరుకుని తర్వాత డాక్టర్ల మీద పడటం మామూలేగా.

పాతకళ్లజోడు:
పట్టించుకోలేదా? అమ్మా, చుక్కల సీసా ప్రతి నెలా నేనే తెచ్చి నాన్న చేతిలో పెట్టేవాణ్ణి. 14 నెలలూ.

దారినపోయేవాడు:
తెస్తూనే ఉన్నారా? మరి వేసుకోవట్లేదని తెలియలేదా?

పాతకళ్లజోడు:
(రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను.)

తెలియలేదు. ఆ ప్రెషర్ చూసి వచ్చిన రోజు నాన్న అలమర తెరిచాను. కింది అరలో, చొక్కాల వెనక, సీసాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. లెక్కపెట్టాను, పదమూడు. ఒక్కదానికీ సీలు తీయలేదు. పారేస్తే నాకు తెలుస్తుందని, నా డబ్బు దండగని పారేయలేదట.

మానేయమని ఆ డాక్టరు అనడం నేను వినలేదు. అసలు అనలేదు కూడా. నాన్నను అడిగితే చెప్పారు. ఆ చుక్కలు వేస్తే కళ్లు ఎర్రగా అయ్యేవి, మండేవి. కంటి డాక్టరుకు రెండుసార్లు చెప్పారు. "వాడాల్సిందే" అన్నారంతే. ఇంట్లో చెబితే నేను కూడా అదే అన్నాను. హోమియో డాక్టరు మాత్రం ఎప్పుడు మంట, ఏవైపు, గాలికి తగ్గుతుందా, ఏడుపొస్తుందా అని అరగంట అడిగారట. గుళికలు మొదలుపెట్టిన వారంలోనే నాన్న చుక్కలు మానేశారు. ఆ డాక్టరుకు చెప్పలేదు. కళ్ల ఎరుపు పోయింది, మంట పోయింది. ఆయన కాగితం మీద "ఎరుపు తగ్గింది, మంట లేదు, మంచి మార్పు" అని రాసుకున్నారు. ఆ కాగితం చూశాను. ప్రతిసారీ అదే మాట. మంచి మార్పు, మంచి మార్పు.

ఆ ఎరుపు చుక్కల వల్ల వచ్చింది. చుక్కలు మానితే పోయింది. లోపల చూపు నరం చచ్చిపోతోంది, కాగితం మీద మంచి మార్పు!

నేను అడిగేది ఒక్కటే సమచికిత్స గారూ. మీ వైద్యమంతా రోగి చెప్పిందాని మీద నడుస్తుంది. ఎప్పుడు మంట, ఎటువైపు నొప్పి, ఏం కల. నీటికాసులు ఎక్కువమందికి ఏమీ చెప్పదు. నొప్పి ఉండదు, మంట ఉండదు. చూపు పక్కల నుంచి తగ్గుతూ వస్తుంది, ఒక కన్ను లోటు రెండోది పూడ్చేస్తుంది, మనిషికి తెలియనే తెలియదు. రోగికే తెలియనిది మీకేం చెబుతాడు? మీరేం వింటారు?

రెటీనా_22:
అందుకే ప్రెషర్ కొలవాలి, వెనక నరం చూడాలి, ఫీల్డ్ టెస్ట్ చెయ్యాలి. మామూలు ప్రెషర్ 10 నుంచి 21 అంటారు గానీ, అందులో ఉన్నా నరం దెబ్బతినేవాళ్లున్నారు. చుక్కలు పడకపోతే మార్చవచ్చు, వేరే రకాలున్నాయి, లేజర్ ఉంది. "మండుతోంది" అన్నప్పుడే మార్చి ఉంటే ఆ సీసాలు అలమరలోకి చేరేవి కాదు. అది మా వైపు తప్పు.

సమచికిత్స:
చాలాసేపు రాయబుద్ధి కాలేదు.

నా కేసు షీటులో నాలుగు పేజీల ప్రశ్నలుంటాయి. నిద్ర, కలలు, భయాలు, దాహం, చెమట. కంటి ప్రెషర్ రాసుకోవడానికి గడి లేదు. వేరే డాక్టరు ఇచ్చిన చుక్కలు వాడుతున్నారా అని మొదటిరోజు అడుగుతాను, ప్రతి నెలా అడగను. ఎరుపు తగ్గితే నేను కూడా "మంచి మార్పు" అనే రాసేవాణ్ణి.

అయినా ఒకటి అంటాను. మీ నాన్నగారు అబద్ధం ఆడింది హోమియో డాక్టరుకొక్కరికే కాదు. కంటి డాక్టరుకు ఆడారు, మీకూ ఆడారు. మండుతోందని మొదట మీ ఇద్దరికే చెప్పారు. వినుంటే నా వంటివాడి దాకా వచ్చేవారా?

పాతకళ్లజోడు:
రారు. అది నాకు తెలుసు, అందుకే రాత్రి నిద్ర పట్టలేదు. అయినా విన్నందువల్ల ఆయన చూపు నిలవలేదు కదండీ. మీవాళ్లు చక్కగా విన్నారు. కొలవలేదు.

నిదానంగా:
అంటే వినేవాళ్లదే తప్పంటారా? కొలిచేవాళ్లు వినకపోతే మనిషి ఎక్కడికి పోతాడు?

పాతకళ్లజోడు:
తెలియదండి. నాన్నకు ఇప్పుడు నా ఎదురుగానే వేస్తున్నాను, రాత్రి తొమ్మిదింటికి. కొత్త చుక్కలు, మంట తక్కువట. తక్కువో, నాకోసం అలా అంటున్నారో.

వేకువ:
ఇంత అవుతుందనుకోలేదు. అందరికీ థాంక్స్. గురువారానికి అమ్మకు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, శుక్లంతోపాటు ప్రెషర్, నరం కూడా చూడమని అడుగుతాను. ఆపరేషన్ భయం గురించి డాక్టరుతో అమ్మనే మాట్లాడనిస్తాను, నేను మధ్యలో అందుకోను. ఇంకో సంగతి. ఆ సీసా ఎప్పుడు తెరిచావని అక్కను అడిగాను. తను వాడగా మిగిలింది తెచ్చిందట, తెరిచి ఎన్నాళ్లయిందో గుర్తులేదంది.

రెటీనా_22:
పారేయండి.

సమచికిత్స:
పారేయండి.

లెక్కలమాస్టారు:
30 పొటెన్సీ ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.