లేని పీహెచ్‌పీ లింకులకి మాత్రం నా 404 పేజీ రావడం లేదు

మాది కావలి. రొయ్యల రైతుల కోసం కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) వారీగా రోజూ రేట్లు పెట్టే చిన్న సైటు నడుపుతున్నాను. పాత పేజీలు తీసేశాను కానీ వాటి లింకులు వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా తిరుగుతున్నాయి, అవి నొక్కినవాళ్లకి ఈరోజు రేటు ఎక్కడుందో చెప్పేలా తెలుగులో ఒక 404 పేజీ (అడిగిన పేజీ లేనప్పుడు వచ్చేది) చేశాను.

షేర్డ్ హోస్టింగ్, వెబ్ సర్వర్ అపాచీ 2.4, పీహెచ్‌పీ 8.1 ఎఫ్‌పీఎం (పీహెచ్‌పీని అపాచీకి విడిగా నడిపే ప్రోగ్రామ్) మీద. హెచ్‌టీయాక్సెస్ ఫైల్లో (సైటు ఫోల్డర్లో మనమే అపాచీ సెట్టింగులు రాసుకునే ఫైలు) ఎర్రర్‌డాక్యుమెంట్ 404 అని రాసి మొదట హెచ్‌టీటీపీఎస్‌తో సహా పూర్తి అడ్రస్ ఇచ్చాను, అప్పుడు 302 (దారి మళ్లింపు) వచ్చి చివరికి 200 (పేజీ ఉంది అని) చూపించింది, అది తప్పని తెలిసి స్లాష్‌తో మొదలయ్యే పాత్ మాత్రమే ఉంచాను. ఇప్పుడు లేని హెచ్‌టీఎంఎల్ పేజీలకి, ఫోల్డర్లకి నా పేజీ చక్కగా వస్తోంది, స్టేటస్ కూడా 404.

లేని డాట్ పీహెచ్‌పీ లింకు కొడితే మాత్రం తెల్ల స్క్రీన్ మీద ‘ఫైల్ నాట్ ఫౌండ్’ అని ఒక్క లైను. నా పాత లింకులన్నీ పీహెచ్‌పీవే! పట్టుబడికి ముందు రేటు చూసుకునే రైతు అది చూసి సైటే పోయిందనుకుంటున్నాడు, అదే నా టెన్షన్.

కాష్ క్లియర్ చేశా, వేరే ఫోన్లో చూశా, ఫైల్ పర్మిషన్ 644. ప్రాక్సీఎర్రర్‌ఓవర్‌రైడ్ ఆన్ (ఎఫ్‌పీఎం పంపే ఎర్రర్ బదులు అపాచీ ఎర్రర్ పేజీ చూపించే సెట్టింగ్) అని హెచ్‌టీయాక్సెస్‌లోనే పెడితే సైటు మొత్తానికి 500 (సర్వర్ ఎర్రర్) వచ్చింది, వెంటనే తీసేశా. అది సర్వర్ కాన్ఫిగ్‌లోనే పెట్టాలట, హోస్టింగ్ వాళ్లేమో షేర్డ్ ప్లాన్‌లో కుదరదన్నారు.

సర్వర్ కాన్ఫిగ్ ముట్టుకోకుండా, హెచ్‌టీయాక్సెస్‌లోనే ఏం రాస్తే లేని పీహెచ్‌పీ లింకులకి కూడా 404 స్టేటస్‌తో నా పేజీ వస్తుంది?