సమస్యాపూరణం: పడినవాఁడె గెలిచెఁ బందెమందు

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం.

పడినవాఁడె గెలిచెఁ బందెమందు

ఒక నియమం పెడుతున్నాను. పురాణాల జోలికి పోకుండా నెదర్లాండ్స్ సైకిల్ వీరుడు ఫాబియో యాకబ్సన్ జీవితం మీదే పూరించాలి. తెలియనివారి కోసం రెండు మాటలు. 1996లో పుట్టాడు. రోడ్డు పందాల్లో స్ప్రింటర్, అంటే గుంపుగా వచ్చే రేసులో చివరి రెండు మూడు వందల మీటర్లు ప్రాణం పెట్టి తొక్కి గీత దాటే మనిషి. బెల్జియంలో జరిగే షెల్డెప్రైస్ పందెం 2018లో, మళ్లీ 2019లో గెలిచాడు. 2020 ఆగస్టు 5న పోలెండ్ యాత్ర (రోజుకో అంచె చొప్పున సాగే సైకిల్ పందెం) మొదటి అంచె కటొవిత్సె ఊళ్లో ముగిసింది. అక్కడ అప్పట్లో ముగింపు పల్లంలోకి ఉండేది, వేగం గంటకు 80 కిలోమీటర్ల దాకా పోయేది. సాటి డచ్చివాడు డిలన్ గ్రూనెవేగన్ పక్కకు ఒరిగి దారి మూసేయడంతో యాకబ్సన్ అంచు కంచెల్లోకి దూసుకుపోయాడు. కంచెలు చెల్లాచెదరయ్యాయి. ముఖానికి 130 కుట్లు పడ్డాయి, పళ్లు రాలిపోయాయి, దవడ ఎముకలో కొంత భాగం పోయింది. డాక్టర్లు మందులిచ్చి కోమాలో ఉంచారు. మిగతాది పద్యాల్లో చూద్దాం.

కృష్ణాతీరం:
నేలఁ గూలె నాఁడు నెత్తుటి మడుగులో
నిదురఁ బోయి లేచి నిలిచె మరల
పచ్చ చొక్క తొడిగెఁ బైయేడు ఫాబియో
పడినవాఁడె గెలిచెఁ బందెమందు

2021 స్పెయిన్ యాత్రలో మూడు అంచెలు గెలిచి, పాయింట్ల పోటీలో మొదటివాడికిచ్చే పచ్చ చొక్కా ఇంటికి తీసుకెళ్లాడు. అందుకే మూడో పాదం అలా రాశాను.

నిర్వాహకుడు:
కృష్ణాతీరం గారూ, ధార బాగుంది. కోమాను 'నిదుర' అనడం పద్యానికి మెత్తదనం తెచ్చింది. 'పచ్చ'కు 'బైయేడు' యతి చక్కగా కుదిరింది. కానీ ఒక చిక్కుంది. మీ పద్యంలో పడింది పోలెండులో, గెలిచింది స్పెయిన్‌లో. పడి లేచి గెలిచినవాళ్లు లోకంలో కోకొల్లలు. అలా చెబితే సమస్యలో సమస్యే మిగలదు. పడిన పందెంలోనే గెలవాలి, అప్పుడే చదువరి ఉలిక్కిపడతాడు.

పెడల్ రాణి:
అయితే ఇది చూడండి.

గీఁత దాఁటె ముందు గెంటిన యాతఁడు
తీర్చి పెద్ద లతని దీసివేయ
మాట లేక యున్న మనిషికే దక్కెను
పడినవాఁడె గెలిచెఁ బందెమందు

ఇందులో కల్పనేమీ లేదు. గ్రూనెవేగన్ ముందు గీత దాటాడు. న్యాయనిర్ణేతలు అతణ్ని తొలగించి కటొవిత్సె అంచె విజేతగా యాకబ్సన్ పేరు రాశారు. రికార్డుల్లో ఇవాళ్టికీ ఆ గెలుపు అతనిదే.

నిర్వాహకుడు:
రాణి గారూ, ఇదీ పూరణ అంటే! సమస్యను విప్పడానికి ఎక్కడికీ పోనక్కర్లేదు, ఆ రోజు ఫలితాల పట్టికలోనే జవాబుంది. మూడో పాదం నన్ను చాలాసేపు పట్టుకుంది. గెలిచానన్న సంగతి కూడా తెలియని మనిషి గెలుపు అది. 'మాట లేక యున్న' అని ఊరుకున్నారు, గాయాలను ఏకరువు పెట్టలేదు. అక్కడే పద్యం నిలబడింది.

ఆమ్‌స్టెల్‌వీన్ వాసి:
పద్యం బాగుంది గానీ 'గెంటిన' అన్న మాట నాకు మింగుడు పడలేదు. నేనుండేది ఆ దేశంలోనే, ఇక్కడ ఈ గొడవ చాలాకాలం నలిగింది. గ్రూనెవేగన్ తన దారి వదిలి పక్కకు వచ్చాడు, అది తప్పే. అతనే ఒప్పుకున్నాడు. తొమ్మిది నెలల నిషేధం అనుభవించాడు. అంతమాత్రాన సాటి మనిషిని కావాలని గెంటాడని పద్యంలో రాసేయవచ్చా? ఆ ప్రమాదంలో అతని కాలర్ ఎముక కూడా విరిగింది. పల్లంలో ముగింపు పెట్టినవాళ్ల సంగతేమిటి? తగలగానే విడిపోయే కంచెలు కట్టినవాళ్ల సంగతేమిటి? గీత దగ్గర డ్యూటీలో ఉన్న ఒక అధికారికి కూడా తీవ్రంగా దెబ్బలు తగిలాయి. నింద మొత్తం ఒక్కడి నెత్తిన రుద్దితే మిగతావాళ్లు తప్పించుకుంటారు.

నిర్వాహకుడు:
మీరన్నది సబబే. ఛందస్సు చెడకుండా మొదటి పాదం ఇలా మార్చవచ్చు:

గీఁత దాఁటె ముందు గీటు తప్పినవాఁడు

తప్పు తప్పుగానే ఉంటుంది, కావాలని చేశాడన్న ఆరోపణ పోతుంది. గణాలూ యతీ సరిపోయాయి. రాణి గారూ, సమ్మతమేనా?

పెడల్ రాణి:
సమ్మతమే. ఇప్పుడు పాదం మునుపటికంటే బిగువుగా ఉంది.

కొత్తచిగురు:
నాదో ప్రయత్నం. జట్టుగా కూడా గెలిచినట్టు చెప్పాలని.

రెమ్కొ చేతఁ బట్టె మిత్రుని యంకెను
పెక్కు వేల కనుల పేరు నిలిపె
జట్టు గెలుపులోన సగమాతనిదె గాదె
పడినవాఁడె గెలిచెఁ బందెమందు

అదే పోలెండ్ యాత్రలో కొండ అంచె గెలుస్తూ యాకబ్సన్ జట్టువాడు రెమ్కో ఏవెనెపూల్ అతని నంబరు కాగితాన్ని పైకెత్తి చూపించాడు. ఆ యాత్ర మొత్తం విజేత కూడా రెమ్కోనే.

నిర్వాహకుడు:
మంచి సన్నివేశం పట్టారు చిగురు గారూ. పందెం కూడా అదే యాత్ర కాబట్టి సమస్య వీగిపోలేదు. మూడో పాదంలో 'జ'కు 'స' వేయడం శాస్త్ర సమ్మతం. మొదటి పాదంలో మాత్రం యతి తప్పింది, 'రె'కు 'మి' చెల్లదు. రెమ్కో పేరు వదిలేస్తే దారి దొరుకుతుంది:

మిత్రుఁ డెత్తి పట్టె మేటి గెల్పున నంకె

పేరు చెప్పకపోయినా ఎవరో అందరికీ తెలుసు.

కొత్తచిగురు:
ధన్యవాదాలండీ. 'మిత్రుఁడు' అనడంలో దగ్గరితనం కూడా వచ్చింది, ఇలాగే ఉంచుతాను.

కృష్ణాతీరం:
మళ్లీ వచ్చాను. ఈసారి 'వెనకపడడం' మీద.

కొండ లెక్కువేళఁ గూడని గడువుతో
పోరి పోరి తుదకుఁ బొందె గీఁత
జట్టు వేచి చూడ జనులెల్లరికి వెన్క
పడినవాఁడె గెలిచెఁ బందెమందు

2022 ఫ్రాన్స్ యాత్ర, పెయ్‌రగూడ్ కొండ. స్ప్రింటర్లకు కొండలంటే నరకం. బరువైన కండలు, నిట్టనిలువు ఎక్కుడు. విజేత చేరాక నిర్ణీత సమయంలోగా రాకపోతే ఇంటికి పంపేస్తారు. ఆ రోజు యాకబ్సన్ అందరికన్నా చివర, గడువుకు కొద్ది సెకన్లు మిగిలి ఉండగా గీత దాటాడు. పైన జట్టువాళ్లంతా ఎదురుచూస్తూ నిలబడ్డారు.

నిర్వాహకుడు:
మూడో పాదం చివరి 'వెన్క'ను సమస్యతో అతికించడం పాత అవధానుల ఒడుపు, చాలా ఇష్టపడ్డాను. 'గెలిచె' మీద మాత్రం కొంత పేచీ ఉంది. అక్కడ గెలిచింది గడియారం మీద. ఆ సంగతి పద్యంలో ఎక్కడో ఒకచోట పలకాలి. 'గడువుతో పోరి' అని చదువుకుంటే సరిపోతుందని మీరనవచ్చు, నేను కాదనను.

ఆమ్‌స్టెల్‌వీన్ వాసి:
చివరగా నాది. 2022 ఫ్రాన్స్ యాత్ర డెన్మార్క్‌లో మొదలైంది. రెండో రోజు న్యూబోర్గ్‌లో యాకబ్సన్ గెలిచాడు. అది అతని తొలి ఫ్రాన్స్ యాత్ర. మర్నాడు సోండర్బోర్గ్‌లో గ్రూనెవేగన్ గెలిచాడు. రెండూ సముద్రపు ఒడ్డు ఊళ్లే.

నిన్న నొకఁడు గెలిచె నేఁడింకొకఁడు గెల్చె
తీరమందు రెండు దినములందు
వీర లొక్క గోతి విడిచి వచ్చినవారు
పడినవాఁడె గెలిచెఁ బందెమందు

పెడల్ రాణి:
'వీరలు' అని ఇద్దరిని చెప్పి 'పడినవాఁడె' అని ఏకవచనం వేస్తే కుదురుతుందా అండీ?

నిర్వాహకుడు:
కుదురుతుంది రాణి గారూ. మొదటి పాదంలో నిన్న ఒకడు, నేడు ఒకడు అని విడదీశారు కదా. ఏ రోజు పందెం చూసినా ఆ రోజు గెలిచినవాడు పడినవాడే. అన్వయం గట్టిగానే ఉంది. ఇందాక రాణి గారి పద్యంలో దోషిగా కనిపించిన మనిషి ఇక్కడ యాకబ్సన్ పక్కనే సమానంగా నిలబడ్డాడు. వాసి గారు వ్యాఖ్యలో వాదించినదాన్ని పద్యంలో చేసి చూపించారు.

ఈ వారం మొదటి స్థానం సవరించిన పాదంతో పెడల్ రాణి గారిది. ఒకే పందెంలో పడడమూ గెలవడమూ చూపించింది ఆ పద్యమే. వాసి గారి పద్యానికి రెండో స్థానం. యాకబ్సన్ 2022 ఆగస్టులో మ్యూనిక్‌లో యూరప్ ఛాంపియన్ అయ్యాడు, దాని మీద ఎవరూ రాయలేదు. ఆదివారం దాకా గడువుంది, ఆ పూరణలు కూడా పంపండి.